డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి బెర్లిన్ చదువు

డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారి పేరు విననివారు మన కుటుంబాల్లో ఉండరు. దేశానికి మూడో రాష్ట్రపతి. ఆ పదవిని అలంకరించిన మొదటి ముస్లిం. అన్నిటికీ మించి మన హైదరాబాదులో పుట్టిన మనిషి. ఆయన షేర్వాణీ, తెల్లగడ్డం, గులాబీ మొక్కల మీద ఉండే ప్రేమ, ఇవన్నీ పెద్దవాళ్ళకి గుర్తే. కానీ ఆయన పై చదువు ఎక్కడ చదివారు, ఎందుకు అక్కడికే వెళ్ళారు, ఖర్చు సంగతి ఏమిటి అని అడిగితే చాలామంది తెల్లమొహం వేస్తారు. ఈ ఏడు సావనీరుకి ఏదైనా రాయమని కమిటీవారు అడిగినప్పుడు ఆ ముచ్చటే రాద్దామనిపించింది. కారణం లేకపోలేదు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు పట్టుకొని సంఘం ఆఫీసుకి వచ్చే తల్లిదండ్రులు ఈమధ్య కాలంలో ముందుగా అడిగే మాట ఒకటే: పిల్లవాణ్ణి పై దేశం పంపాలంటే ఏ దేశం చవక? వంద సంవత్సరాల క్రితం జాకిర్ సాహెబ్ బయలుదేరిన దేశం ఆ రోజుల్లో ప్రపంచంలోకెల్లా చవక దేశం. ఆ చవక ఎలాంటిదో, ఎన్నాళ్ళు నిలిచిందో చూస్తే మన లెక్కలకి కొంత పనికొస్తుంది.

ఆయన 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారిది ఉత్తరప్రదేశ్ ఫరూఖాబాద్ జిల్లాలోని ఖాయంగంజ్. పఠాన్ల ఊరు. ఆ కుటుంబాల మగవాళ్ళు ఎక్కువగా ఫౌజు నౌకరీకే పోయేవారు. ఫిదా హుస్సేన్ గారు మాత్రం ఆ దారి పట్టకుండా, బతుకుతెరువు వెతుక్కుంటూ నిజాం రాజ్యానికి వచ్చి, న్యాయశాస్త్రం చదివి వకీలుగా పేరు, డబ్బు రెండూ సంపాదించారు. బేగంబజారులో ఇల్లు కట్టుకున్నారు. ఏడుగురు కొడుకులు. వారిలో జాకిర్ మూడోవాడు. అంతా బాగుందనుకుంటుండగా 1907లో తండ్రి పోయారు. అప్పటికి ఈయనకి పదేళ్ళు. తల్లి నాజ్‌నీన్ బేగం గారు పిల్లల్ని తీసుకొని ఖాయంగంజ్ వెళ్ళిపోయారు. పిల్లల్ని దగ్గర పెట్టుకొని మురిపెంగా పెంచుకొనే వీలున్నా, ఇటావాలోని ఇస్లామియా హైస్కూలు హాస్టల్లో చేర్పించారు. 1911లో ప్లేగు వచ్చి ఆ తల్లీ పోయింది. తండ్రి విడిచివెళ్ళిన ఆస్తి ఉండబట్టి చదువు ఆగలేదు గాని, పద్నాలుగేళ్ళకే తల్లీ తండ్రీ లేని పిల్లవాడయ్యాడు.

1913లో అలీఘర్ కాలేజీలో చేరారు. డాక్టరు కావాలని కోరిక. సైన్సు గ్రూపు తీసుకొని చదివి, తర్వాత లక్నో క్రిస్టియన్ కాలేజీకి వెళ్ళారు. అక్కడ జబ్బుపడి ఒక సంవత్సరం పాడైంది. మళ్ళీ అలీఘర్‌కే వచ్చి, దారి మార్చుకొని, 1918లో బి.ఏ. ప్యాసయ్యారు. ఆ తర్వాత అర్థశాస్త్రంలో ఎం.ఏ., దానితోపాటు లా. ఇంజనీరింగు సీటు రాలేదనో, మెడిసిన్ ర్యాంకు తప్పిందనో ఇంట్లో శోకాలు పెట్టే మనవాళ్ళు ఈ సంగతి గమనించాలి. మధ్యలో 1915లో షాజహాన్ బేగం గారితో నికా అయింది. అంటే పై దేశం వెళ్ళేనాటికి ఆయన సంసారి.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీఘర్ వచ్చి, బ్రిటిష్ ప్రభుత్వ గ్రాంటు తినే కాలేజీలను విడిచిపెట్టండని విద్యార్థులకు పిలుపునిచ్చారు. జాకిర్ హుస్సేన్ అప్పుడు ఎం.ఏ. విద్యార్థి, కొన్ని క్లాసులకు పాఠాలు కూడా చెబుతున్నారు. కుదురుగా ఉంటే డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమో, కాలేజీలో మంచి పదవో దొరికే మనిషి. ఆయన, మరికొందరు కుర్రవాళ్ళు బయటికి వచ్చేశారు. వచ్చి ఊరుకోలేదు. ఢిల్లీ వెళ్ళి హకీం అజ్మల్ ఖాన్ గారిని, డాక్టర్ అన్సారీ గారిని, మౌలానా మహమ్మద్ అలీ గారిని కలిసి, మాకు జాతీయ విద్యాలయం ఒకటి పెట్టండి, వచ్చి చదువుతాం, చదువు చెబుతాం అని పట్టుబట్టారు. 1920 అక్టోబరు 29న అలీఘర్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా ఏర్పడింది. మొదట గుడారాలు, అద్దె ఇళ్ళు. డబ్బు ఖిలాఫత్ కమిటీ ఇచ్చేది. జాకిర్ సాహెబ్ అందులో ఉపాధ్యాయుడిగా చేరి దాదాపు రెండేళ్ళు పనిచేశారు.

అలా పనిచేస్తుండగా ఇంకా చదవాలనే తపన పుట్టింది. ఎక్కడికి పోవాలి? ఆ రోజుల్లో మనవాళ్ళకి పై చదువంటే ఇంగ్లండే. బారిస్టరీ అన్నా ఐ.సి.ఎస్. అన్నా ఓడ ఎక్కేది లండన్‌కే. అయితే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో చదవాలంటే మామూలుగా ఒక కాలేజీలో చేరాలి, ఆ కాలేజీ భోజనాల ఖర్చులు, ట్యూటరు ఫీజులు, బట్టలు, అన్నీ కలిపి ఏటా కొన్ని వందల పౌన్లు అయ్యేవి. అప్పట్లో పౌను సుమారు 15 రూపాయలు. మామూలు కుటుంబానికి అది పొలం అమ్ముకొనే వ్యవహారం. ఇక రెండో సంగతి. బ్రిటిష్‌వాడి గ్రాంటు వద్దని సొంత కాలేజీనే వదిలి వచ్చిన మనిషి, బ్రిటిష్‌వాడి గడప దగ్గరికే వెళ్ళి డిగ్రీ అడగడం ఆయనకి పొసగేది కాదని నా అభిప్రాయం.

ఆయన బెర్లిన్ ఎంచుకున్నారు. 1922లో వెళ్ళారు.

జర్మనీ పద్ధతి వేరు. అక్కడ విశ్వవిద్యాలయం హాస్టలు పెట్టి విద్యార్థిని మేపదు. ఊళ్ళో ఏదో ఒక ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకోవాలి, తనకి కావలసిన ప్రొఫెసర్ దగ్గర పేరు రాయించుకొని ఉపన్యాసాలు వినాలి. ఒక యూనివర్సిటీలో కొన్నాళ్ళు, ఇంకో యూనివర్సిటీలో కొన్నాళ్ళు చదివే స్వేచ్ఛ ఉండేది. చివర సిద్ధాంత వ్యాసం, మౌఖిక పరీక్ష. ఇంగ్లండు కన్నా ఖర్చు ఎప్పుడూ తక్కువే. దానికి తోడు ఆ సంవత్సరాల్లో ఒక విడ్డూరం జరిగింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయిన జర్మనీ చెల్లించవలసిన అప్పులకీ, నష్టపరిహారాలకీ తోడుగా ప్రభుత్వం నోట్లు అచ్చువేసుకుంటూ పోయింది. మార్కు విలువ రాలిపోయింది. 1914లో ఒక అమెరికన్ డాలరుకి 4.2 మార్కులు వచ్చేవి. 1922 జూలైలో 490 మార్కుల దాకా వచ్చాయి. 1923 జనవరిలో 18 వేలు. ఆ జూలైలో మూడున్నర లక్షలు. నవంబరు వచ్చేసరికి 4.2 లక్షల కోట్లు. తప్పు చదవలేదు, లక్షల కోట్లే. డాలరంటే అప్పుడు మన రూపాయల్లో మూడున్నర దగ్గర ఉండేది.

దీని అర్థం ఏమిటంటే, చేతిలో పౌన్లు, డాలర్లు, రూపాయలు ఉన్న విదేశీయుడికి బెర్లిన్‌లో బతుకు నీళ్ళప్రాయం. ఇంటినుంచి వచ్చే చిన్న మనియార్డరుతో మంచి గది, పుస్తకాలు, నాటకాలు, సంగీతం, రైలు ప్రయాణాలు, అన్నీ అందేవి. ఒకటే జాగ్రత్త, డబ్బంతా ఒకేసారి మార్చకూడదు. ఈ రోజు మార్చిన నోట్లు వారం తిరిగేసరికి చిత్తుకాగితాలు. ఎప్పటికి కావలసింది అప్పుడే మార్చుకోవాలి. విదేశాలనుంచి వచ్చినవాళ్ళు యూరప్ నలుమూలలనుంచి బెర్లిన్‌కి ఎగబడ్డారు. హోటళ్ళవాళ్ళు కొన్నిచోట్ల విదేశీయులకి వేరే రేటు పెట్టారు.

ఆ చవకకి ఇంకో ముఖం ఉంది. అది చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. మనవాళ్ళకి చవకగా దొరికిన గది ఎవరిది? జీవితమంతా కూడబెట్టిన సొమ్ము ఒక్క ఏడాదిలో ఆవిరైపోయి, గదులు అద్దెకిచ్చుకొని బతికే ముసలి విధవలది, పెన్షను మీద బతికే గుమాస్తాలది. జర్మన్ విద్యార్థులు పగలు ఫ్యాక్టరీల్లో, గనుల్లో కూలి చేసి చదువుకొనేవారు. విద్యార్థులకి తక్కువ ధరకి భోజనం పెట్టే వంటశాలలు ఆ కష్టంలోనే అక్కడ పుట్టుకొచ్చాయి. పక్క బెంచీలో ఆకలితో కూర్చున్నవాడిని చూస్తూ మనవాడు చదువుకున్నాడన్నమాట. అర్థశాస్త్రం చదివే విద్యార్థికి ఇంతకంటే పెద్ద పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది?

ఇక అసలు విషయం. ఆ చవక ఎన్నాళ్ళు ఉంది? 1923 నవంబరులో ప్రభుత్వం కొత్త మార్కు తెచ్చింది. మళ్ళీ డాలరుకి 4.2 మార్కులే. ఒక్క దెబ్బతో బెర్లిన్ ఖరీదైన ఊరైపోయింది. చవక చూసి వచ్చినవాళ్ళు ఎంతోమంది పెట్టెలు సర్దుకొని పోయారు. జాకిర్ సాహెబ్ వచ్చి అప్పటికి ఏడాది పైచిలుకు. చదువు సగంలో ఉంది. భాష అక్కడే నేర్చుకొని, అప్పుడప్పుడే పట్టు దొరుకుతోంది. ఆయన పోలేదు. 1924, 1925 రెండు సంవత్సరాలూ ఉండి, 1926 దాకా నిలబడి చదువు ముగించారు.

ఎందుకు నిలబడ్డారంటే, ఆయన వెళ్ళింది మార్కు రేటు కోసం మాత్రమే కాదు. బెర్లిన్ యూనివర్సిటీలో వెర్నర్ సోంబార్ట్ అనే గొప్ప ప్రొఫెసర్ ఉండేవారు. పెట్టుబడిదారీ విధానం చరిత్ర మీద ఆయన రాసిన గ్రంథాలు అప్పటికే ప్రపంచ ప్రసిద్ధి. ఆయన దగ్గర జాకిర్ హుస్సేన్ పనిచేసి, బ్రిటిష్ ఇండియాలో భూమి, వ్యవసాయ వ్యవస్థ మీద సిద్ధాంత వ్యాసం రాశారు. గమనించండి, దేశం జర్మనీ, ప్రొఫెసర్ జర్మన్, విషయం మాత్రం మన రైతు. అలాగే గెయార్గ్ కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త భావాలు ఆయన మీద బాగా పనిచేశాయి. పిల్లవాడు చేతులతో పనిచేస్తూ నేర్చుకోవాలన్నది ఆ పెద్దమనిషి వాదం. ఇవి ఇంకెక్కడా దొరికేవి కావు.

ఇదే సంగతి ఆయన స్నేహితుడు ఖ్వాజా అబ్దుల్ హమీద్ గారి విషయంలో ఇంకా స్పష్టంగా కనబడుతుంది. జామియాలో తోటి ఉపాధ్యాయుడు, రసాయనశాస్త్రం మనిషి. ఆయన 1924లో, అంటే చవక అయిపోయిన తర్వాత, బెర్లిన్ వెళ్ళారు. ఎందుకంటే అప్పుడు రసాయనశాస్త్రానికి జర్మనీయే మక్కా. డాక్టరేటు తీసుకొని వచ్చి 1935లో బొంబాయిలో సిప్లా మందుల కంపెనీ పెట్టారు. మన ఇళ్ళల్లో ఆ కంపెనీ బిళ్ళలు మింగనివాళ్ళు ఎవరు?

జాకిర్ సాహెబ్ బెర్లిన్‌లో పుస్తకాల పురుగులా గదిలో కూర్చోలేదు. ఉపన్యాసాలిచ్చారు. ఆల్ఫ్రెడ్ ఎరెన్‌ట్రైక్ అనే జర్మన్‌తో కలిసి గాంధీజీ మీద జర్మన్ భాషలో ఒక పుస్తకం తెచ్చారు, అది 1924లో అచ్చయింది. అక్కడ కావియానీ అని ఇరానియన్ల ప్రెస్సు ఒకటి ఉండేది. అరబీ, ఫారసీ టైపు వాళ్ళ దగ్గర ఉంది. గాలిబ్ దీవాన్‌ని జేబులో పట్టే అందమైన పుస్తకంగా వేయించాలని ఆయనకి ముచ్చట. తానే ప్రెస్సుకి వెళ్ళి అక్షరాలు పేర్చే పనిలో చెయ్యి వేసి, 1925లో అచ్చు వేయించారు. ఈ రోజుకీ గాలిబ్ అభిమానులు ఆ బెర్లిన్ ప్రతిని అపురూపంగా చూసుకుంటారు. చదువుకోను వెళ్ళినవాడికి ఇదెందుకని కొందరు అనవచ్చు. నాకైతే ఆయన కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇదే.

అక్కడే ఆయనకి ఇద్దరు జీవితకాలపు స్నేహితులు కలిశారు. ఒకరు ఆబిద్ హుస్సేన్, బెర్లిన్‌లోనే డాక్టరేటు చేసినవారు. రెండోవారు మహమ్మద్ ముజీబ్, ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ తీసుకొని, ముద్రణ విద్య నేర్చుకోవడానికి జర్మనీ వచ్చినవారు. గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ పరిచయం కూడా అక్కడిదే. బెర్లిన్ సంగీతం, నాటకం, చిన్నపిల్లల బడులు వీళ్ళకి చూపించింది ఆమే. తర్వాత ఆమె ఇండియా వచ్చి జామియా పిల్లల సేవలోనే ఉండి 1943లో కన్నుమూశారు. ఆమె సమాధి జామియా ఖబరస్తాన్‌లోనే ఉంది. పై దేశం వెళ్ళే పిల్లలు తమవాళ్ళతోనే ఒక గదిలో పదిమంది కూడి, అన్నం పప్పు వండుకొని, ఇంటి భాషే మాట్లాడి తిరిగి వస్తే, ఖర్చు తగ్గుతుందేమో గాని ఇలాంటివి దక్కవు.

ఈలోగా ఇక్కడ జామియా పరిస్థితి దిగజారింది. 1924లో ఖిలాఫత్ రద్దయిన తర్వాత ఖిలాఫత్ కమిటీ డబ్బు ఆగిపోయింది. మూసేద్దామనే మాటా వచ్చింది. హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ 1925లో యూరప్ వెళ్ళినప్పుడు వియన్నాలో ఈ ముగ్గురు స్నేహితులు వారిని కలిసి, మేము వస్తున్నాం, మూయవద్దని మాట ఇచ్చారు. అదే ఏడు జామియా అలీఘర్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్‌కి మారింది. 1926లో ముగ్గురూ కలిసి తిరిగివచ్చారు. జాకిర్ హుస్సేన్ 29 ఏళ్ళకే జామియాకి వైస్ ఛాన్సలర్, అక్కడి మాటలో షేఖుల్ జామియా, అయ్యారు. పదవి పెద్దది, ఖజానా ఖాళీ. 1927 డిసెంబరులో హకీం సాహెబ్ కూడా పోయారు. 1928లో ఉపాధ్యాయులు ఒక సంఘంగా ఏర్పడి ప్రతిజ్ఞ చేశారు: ఇరవై సంవత్సరాలు పనిచేస్తాం, నెలకి 150 రూపాయలకి మించి జీతం తీసుకోం. బెర్లిన్ డాక్టరేటుకి బయట ఎంత వచ్చేదో ఆయనకి తెలియక కాదు. అన్న మాట ప్రకారం 1948 వరకు అక్కడే ఉన్నారు. ఆ పేదరికంలోనే ఫ్రీడ్రిక్ లిస్ట్ అర్థశాస్త్ర గ్రంథాన్ని జర్మన్ నుంచి ఉర్దూలోకి దించారు. 1937లో గాంధీజీ వార్ధాలో విద్యామహాసభ పెట్టి బేసిక్ విద్య పథకం తయారుచేసే కమిటీకి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. మన పాత తరం ప్రాథమిక పాఠశాలల్లో రాట్నం, నేత, తోటపని నేర్పినవాళ్ళు గుర్తున్నారా? ఆ పథకానికి మూలాల్లో ఒకటి బెర్లిన్ రోజుల్లో ఉంది.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే గనుక గబగబా చెబుతాను. 1948 నుంచి 1956 దాకా అలీఘర్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్. 1957 నుంచి బీహార్ గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. 1969 మే 3న ఆ పదవిలో ఉండగానే మరణించారు. జామియా ఆవరణలోనే ఖననం చేశారు.

ఇప్పుడు మన పిల్లల మాట. ఈ నాడు కూడా జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ భాగం ట్యూషన్ ఫీజు వసూలు చెయ్యవు. అందుకే తెలుగు పిల్లలు అక్కడికి బాగా వెళ్తున్నారు. కానీ ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. వీసా కోసం ఒక ఏడాది బతుకు ఖర్చు ముందే బ్యాంకులో కట్టి చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. ఒక రాష్ట్రం, బాడెన్ వుర్టెంబెర్గ్, 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళ దగ్గర సెమిస్టరుకి 1,500 యూరోలు తీసుకుంటోంది. నార్వేలో అందరికీ ఉచితమే అని విని ఆశపెట్టుకున్నవాళ్ళకి 2023లో ఫీజులు పెట్టారు. స్వీడన్‌లో 2011లోనే పెట్టారు. డాక్టరు చదువు చవక అని ఉక్రెయిన్ వెళ్ళిన మన పిల్లలు వేలమంది 2022 ఫిబ్రవరి, మార్చిలో పుస్తకాలు కూడా వదిలేసి ప్రాణాలతో తిరిగి రావలసి వచ్చింది. అందులో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. ఎవరి తప్పూ కాదు, యుద్ధం వస్తుందని ఎవరు అనుకున్నారు? మార్కు రేటు ఒక్క రాత్రిలో మారుతుందని 1923లోనూ ఎవరూ అనుకోలేదు.

అందుచేత ఆఫీసుకి వచ్చే తల్లిదండ్రులని నేను అడిగేవి రెండు మూడు ప్రశ్నలే. మొదటి ఏడాది లెక్క కాదు, ఆఖరి ఏడాది లెక్క వేశారా? రేటు మారితే, ఫీజు పెరిగితే, ఆ సంవత్సరం ఎవరు కడతారు? పిల్లవాడు ఎవరి దగ్గర, ఏ విషయం చదవబోతున్నాడో పేరు చెప్పగలడా? ఏజెంటు చెప్పిన ఊరి పేరు తప్ప ఇంకేమీ తెలియనివాళ్ళు చాలామంది ఉంటున్నారు. అక్కడి భాష వెళ్ళకముందే మొదలుపెట్టాడా? ఈ చివరి ప్రశ్న దగ్గర పిల్లలు తలవంచుకుంటారు, తల్లులు పిల్లల వైపు చూస్తారు.

జాకిర్ సాహెబ్ తమ్ముళ్ళ సంగతి చెప్పి ముగిస్తాను. వాళ్ళూ ఇంగ్లండు వెళ్ళలేదు. యూసుఫ్ హుస్సేన్ ఖాన్ పారిస్ వెళ్ళారు, మధ్యయుగాల భారతదేశపు సూఫీ, భక్తి సంప్రదాయాల మీద ఫ్రెంచిలో సిద్ధాంత గ్రంథం రాసి 1930లో డాక్టరేటు తెచ్చుకున్నారు. అందరికన్నా చిన్నవాడు మహమూద్ హుస్సేన్, అన్నగారిలాగే జర్మనీ వెళ్ళి, హైడెల్‌బర్గ్‌లో 1932లో డాక్టరేటు తీసుకున్నారు. ఆయన విభజన తర్వాత పాకిస్తాన్‌లో విద్యామంత్రిగా, ఢాకా, కరాచీ యూనివర్సిటీల వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. యూసుఫ్ సాహెబ్ మాత్రం పారిస్ నుంచి తిన్నగా హైదరాబాదు వచ్చారు. తండ్రి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన ఊరే అది. ఉస్మానియాలో చరిత్ర చెబుతూ 1957లో రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నారు. ఆయన క్లాసులో కూర్చున్న మన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ జ్ఞాపకాలు వచ్చే ఏడు సావనీరుకి రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.